నోరు మాది, చెవి ఎవరిది?

మాట్లాడటం నేర్పిస్తామని కాలేజీలు పెట్టిన చదువొకటుంది. కమ్యూనికేషన్ స్కిల్స్ అంటారు దాన్ని. ఆ చదువు మీద నాకు కొన్ని అనుమానాలున్నాయి. అనుమానాలనటం మర్యాద కోసం. నిజానికివి ఆరోపణలు.

చిన్న చదువేం కాదది. 2000 దాటాక కంప్యూటరు ఉద్యోగాల గాలి డిగ్రీ కాలేజీల దాకా వీచింది. పిల్లల చేతుల్లో పట్టాలున్నాయి గానీ నోట్లో మాట లేదని కంపెనీల వాళ్లన్నారు, ప్రభుత్వం తలూపింది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు వెలిశాయి. 2015-16లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు కమ్యూనికేషన్ అండ్ సాఫ్ట్ స్కిల్స్‌ని అన్ని గ్రూపుల వాళ్లూ చదవాల్సిన ఫౌండేషన్ కోర్సు చేశారు. నేను బందరులో డిగ్రీ చదివింది 2007 నుంచి 2010 దాకా. మాకప్పటికి ఇది పరీక్ష పేపరు కాలేదు. మధ్యాహ్నం మూడు దాటాక ట్రైనింగు అనే పేరుతో నడిచేది. మా కాలేజీ పేరు ఇక్కడ అక్కర్లేదు. ఏ పేరు పెట్టినా కథ మారదు.

నోట్లో మాట లేదన్నారు గదా. ఎవరి నోట్లో? ఏ మాట? ఈ రెండు ప్రశ్నలూ ఆ మూడేళ్లలో ఎవరూ వేయలేదు. ఇప్పుడు జీతం తీసుకుని పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి నేను వేస్తున్నాను.

మాది దివిసీమలో కోడూరు వైపు మాలపల్లె. ఊరు మెరక మీదుంటుంది, పల్లె పల్లంలో ఉంటుంది. 1977 నవంబరు 19న ఉప్పెనొచ్చినప్పుడు నీళ్లకి ముందు దొరికింది పల్లమే. మా నాయనమ్మ ఆ రాత్రి సంగతి చెప్పేది. వేలిముద్ర మనిషి. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో, పోయినోళ్ల పేర్లు ఏ వరసలో చెప్పాలో ఆమెకి తెలుసు. పేర్ల దగ్గరికొచ్చేసరికి మాట నిదానించేది. ఒక్క పేరు తప్పేది కాదు. ఎన్నిసార్లు విన్నా పిల్లలం కదిలేవాళ్లం కాదు.

మాయమ్మ నాట్ల ముఠాకి పెద్ద. ఎకరాకింతని గుత్త మాట్లాడటానికి ఆసామి ఇంటికెళ్లేది. గేటు బయటే నిలబడేది. ముందు చేను ఊసెత్తేది. దమ్ము బాగా పడిందనేది, నారు ఏపుగా ఉందనేది. ఆసామి మురిసేవాడు. అప్పుడు రేటు చెప్పి ఊరుకునేది. ఆ ఊరుకోవటం మామూలుది కాదు. అది భరించలేక ఆసామి పక్కూరి ముఠాల రేట్లు ఏకరువు పెట్టేవాడు. అమ్మ అన్నీ విని, "నడుం ఇరిగేది తమరిది కాదు గదా అయ్యగోరూ" అని నవ్వేది. అడిగినదాంట్లో ముప్పాతిక వంతు ఖాయం చేసుకుని వచ్చేది. ఊళ్లో మాత్రం ఆమెకి నోటి దురుసు మనిషని పేరు.

మూడోది మా సంఘం. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమనేవాళ్లు. పదేళ్ల పిల్లయినా లేచి నిలబడొచ్చు. నేనూ నిలబడ్డాను. మాట తడబడితే వెనకనుంచి ఎవరో ముసలమ్మ "స్తోత్రం" అనేది. ఆ ఒక్కమాటతో మళ్లీ దారి దొరికేది. చెప్పేవాళ్లు పడిపోకుండా వినేవాళ్లు పట్టుకునేవాళ్లు. దేవుణ్ణి నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఎవరైనా సరే, కృష్ణా డెల్టా పల్లెల్లో చాలామందికి నలుగురిలో నిలబడి మాట్లాడే మొదటి అవకాశం ఇచ్చింది ఆ తాటాకుల చర్చీలే. ఊరి గుడి ముందు మాకు ఆ అవకాశం లేదు.

అంటే నేను మాట లేకుండా బందరు పోలేదు. మూడు బళ్లలో చదువుకుని పోయాను. కాలేజీలో తెలిసిందేంటంటే, నాకు మాట్లాడటం రాదట.

ఆ ట్రైనింగులో ఒక కాగితం ఉండేది. మాట్లాడిన ప్రతివాళ్లకీ దానిమీద మార్కులేసేవాళ్లు. ఇంగ్లీషుకి ఒక గడి, ఉచ్చారణకి ఒకటి, బాడీ లాంగ్వేజ్‌కి ఒకటి, కాన్ఫిడెన్స్‌కి ఒకటి, లీడర్‌షిప్‌కి ఒకటి. వినటానికి గడి లేదు. నా ఆరోపణలన్నిటికీ మొదలు ఆ లేని గడే.

2009లో ఒకరోజు గ్రూప్ డిస్కషన్ పెట్టారు. ఎనిమిదిమందిమి గుండ్రంగా కూచున్నాం. టాపిక్ ఏంటనుకున్నారు? రిజర్వేషన్లు ఉండాలా, వద్దా. మా బతుకు వాళ్లకి టాపిక్. ఒకబ్బాయి మొదలుపెట్టాడు. మెరిట్ పోతోందన్నాడు, దేశం వెనకబడుతోందన్నాడు. ఇంగ్లీషు నీళ్లు తాగినంత సుళువుగా వచ్చింది. నా వంతుకి నేను సగం ఇంగ్లీషు సగం తెలుగులో అడిగాను: "మా ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కింది నేనే. మీ ఇంట్లో మొదట బడికెళ్లిన మనిషెవరో నీకు తెలుసా?" అతను చెప్పలేకపోయాడు. అంత పాత సంగతి అది వాళ్ల ఇంట్లో. గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

ట్రైనరుగారు చివర్లో మార్కులు చదివారు. ఆ అబ్బాయి లాజికల్, కాన్ఫిడెంట్. నేను ఎగ్రెసివ్. పైగా పర్సనల్‌గా తీసుకున్నానట.

ఆ మాటని ఇన్నేళ్లుగా తిరగేసి మరగేసి చూస్తున్నాను. నా బతుకు గురించి వాదన పెట్టి, నేను నా బతుకు గురించి మాట్లాడితే పర్సనల్ అన్నారు. అతను మాట్లాడింది కూడా అతని బతుకు గురించే. నాలుగైదు తరాల చదువు, పొలం, ఊళ్లో పలుకుబడి ఆ ఇంగ్లీషులో ఉన్నాయి. కాకపోతే అవన్నీ లోకమంతటికీ చెందిన విషయాల్లాగా వినపడతాయి. అతని సొంత సంగతి జనరల్, నా సొంత సంగతి పర్సనల్. ఊళ్లో మాయమ్మకి నోటి దురుసు అని పేరు పెట్టారు. కాలేజీలో నాకు అదే పేరు ఇంగ్లీషులో పెట్టారు.

ఇక పుస్తకం దగ్గరికొద్దాం. మాకిచ్చిన పుస్తకంలో మొదటి పాఠంలోనే ఒక బొమ్మ ఉంది. ఎడమవైపు ఒక డబ్బా, పంపేవాడు. కుడివైపు ఒక డబ్బా, అందుకునేవాడు. మధ్యలో బాణం. బాణానికి పైనుంచి గుచ్చుకునేది నాయిస్, అంటే రొద. మనుషుల మాటంతా ఇంతే అని ఆ బొమ్మ చెప్పింది. మేం బట్టీ పట్టాం.

ఆ బొమ్మ పుట్టిల్లు నాకు తర్వాతెప్పుడో తెలిసింది. 1948లో అమెరికాలో బెల్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసే క్లాడ్ షానన్ అనే ఇంజనీరు వేశాడు దాన్ని. తీగలో సంకేతం పాడవకుండా ఎట్లా పంపాలన్నది ఆయన లెక్క. మాటకి అర్థమేంటన్నది తన లెక్కకి సంబంధం లేదని ఆయనే చెప్పాడు. మరుసటేడు వారెన్ వీవర్‌తో కలిసి పుస్తకంగా తెచ్చాడు. గొప్ప పని. టెలిఫోన్లు దానివల్ల బాగుపడ్డాయి. ఆ టెలిఫోను బొమ్మని తెచ్చి మనుషులకి తగిలించటమే తంటా. తీగకి రెండు చివర్లా ఉన్న డబ్బాలు సమానం. గేటు లోపల కుర్చీలో ఉన్న ఆసామీ, గేటు బయట నిలబడ్డ మాయమ్మా సమానం కాదు. అమ్మ మాట నాట్ల కాలంలో చక్కగా అందేది. కలుపులైపోయాక, పనుల్లేని రోజుల్లో, అప్పు కోసం అదే గేటు దగ్గర అదే గొంతుతో మాట్లాడితే అందేది కాదు. మాట మారలేదు, తీగ తెగలేదు. అవతలి చెవికి అవసరం తీరిపోయింది.

ఆ పుస్తకంలోనే కమ్యూనికేషన్‌కి అడ్డంకులు అని ఇంకో పాఠం ఉంది. దూరం అడ్డంకి, చప్పుడు అడ్డంకి, భయం అడ్డంకి, భాష తేడా అడ్డంకి, సంస్కృతి తేడా అడ్డంకి. వరసగా ఉన్నాయి. మొదటినుంచి చివరిదాకా వెతికాను. కులం లేదు. దివిసీమలో ఊరికీ పల్లెకీ మధ్య ఉన్న అడ్డంకికి పేరు పెట్టటానికి ఆ పుస్తకానికి మాట దొరకలేదు.

రెండో ఆరోపణ బాడీ లాంగ్వేజ్ మీద. ట్రైనరుగారు బోర్డు మీద మూడంకెలు రాశారు. ఏడు, ముప్పై ఎనిమిది, యాభై ఐదు. మనం చెప్పేదాంట్లో మాటల విలువ నూటికి ఏడు, గొంతుది ముప్పై ఎనిమిది, ముఖానిది ఒంటిదీ కలిపి యాభై ఐదు అన్నారు. ఈ అంకెలు చెప్పని సాఫ్ట్ స్కిల్స్ ట్రైనరు ఉండరేమో. ఇవి ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో అచ్చేసిన రెండు ప్రయోగాలవి. ఒక్కొక్క మాటని ఒక్కొక్క రకం గొంతుతో పలికించి, మొహం ఫొటోలు చూపించి, పలికినవాళ్లకి ఇష్టమో అయిష్టమో ఊహించమన్నాడు. ఇష్టాయిష్టాల విషయంలో తప్ప మిగతా మాటలకి ఈ లెక్క పనికిరాదని ఆయనే స్పష్టంగా చెప్పాడు. అయినా ఆ అంకెలు సముద్రాలు దాటి బందరొచ్చాయి.

మాటకి ఏడు మార్కులు, మనిషికి తొంభై మూడు! ఇది మాకు కొత్త సంగతా? ఏం చెప్పాడన్నది కాక ఎవడు చెప్పాడన్నది చూసే లెక్క మా ఊళ్లో మెహ్రాబియన్ కంటే ముందునుంచీ ఉంది.

కళ్లలోకి చూసి మాట్లాడమన్నారు. చూపు దించితే ఆత్మవిశ్వాసం లేనట్టట. చూపు దించటం మాకెవరు నేర్పారు? ఊరి బజార్లో నడిచేటప్పుడు మా నాయన తల కొంచెం వంచి నడిచేవాడు. పల్లెలోకొచ్చేసరికి అదే మెడ నిటారుగా ఉండేది. తలెత్తి చూస్తే పొగరని, కాలు మీద కాలేసుకుంటే బలుపని మా తాతల్ని కొట్టి నేర్పిన బాడీ లాంగ్వేజ్ అది. 1991లో చుండూరు గొడవకి మొదలు సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో కూచున్న పైకులపు మనిషికి తగలటం. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. ఒంటి భాష గురించి పాఠం చెప్పేవాళ్లకి చుండూరు తెలియాలా, అక్కర్లేదా? ఒక తరం ఒంటినిండా భయం దట్టించి, తర్వాతి తరాన్ని వరసలో నిలబెట్టి, నీ ఒంట్లో కాన్ఫిడెన్స్ లేదని సున్నా వేయటం ఏం చదువు?

మూడోది ఉచ్చారణ. ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. హైస్కూల్లో మా తెలుగు మాస్టారు నాకు ఒత్తులు పలకవనేవారు. భాషని బాస అంటాననీ, శని సలాగా పలుకుతాననీ నిలబెట్టేవారు. మా పల్లె పిల్లలందరిదీ అదే నేరం. పెద్దయ్యాక చిన్నయసూరి బాలవ్యాకరణం తిరగేశాను. 1858 నాటి పుస్తకం. తెలుగుకి అక్షరాలు ముప్పయ్యారే అని ఆయన లెక్కతేల్చాడు. ఆ ముప్పయ్యారులో ఖ, ఘ, భ లాంటి ఒత్తక్షరాలు లేవు, శ లేదు, ష లేదు. అవన్నీ సంస్కృతం మాటలతో వచ్చినవి. అంటే ఆయన లెక్క ప్రకారం మా నాయనమ్మ నోట్లో ఉన్నది అసలు తెలుగు. దెబ్బలు తిన్నది మాత్రం మేం.

అక్కడితో అయిపోలేదు. కాలేజీ లాంగ్వేజ్ ల్యాబులో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి ఇంగ్లీషు శబ్దాలు నేర్పారు. అందులో చెప్పిందేంటంటే, పెన్ అనే మాటలో మొదటి పకి కొంచెం ఊపిరి ఒత్తాలట! తెలుగులో ఒత్తు పలకలేదని దెబ్బలు తిన్న నోటికి ఇంగ్లీషులోనూ ఒత్తే అడ్డమొచ్చింది. శబ్దాలు నేర్చుకోవటం తప్పనను. హెడ్‌ఫోన్లో గొంతు చెప్పిందే చెప్పినా విసుక్కోలేదు, నన్ను చూసి నవ్వలేదు. ఆ విషయంలో మనుషుల కంటే మిషను నయం.

కృష్ణా జిల్లా తెలుగంటే ప్రామాణికం అని మా జిల్లావాళ్లకి గర్వం. మధ్యకోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల మాటే ఆధునిక ప్రామాణిక భాషకి ఆధారమైందని భద్రిరాజు కృష్ణమూర్తిగారి లాంటి భాషా శాస్త్రవేత్తలు చెప్పారు. గిడుగు రామమూర్తిగారు గ్రాంథికం మీద పోట్లాడి గెలిపించినదాన్ని శిష్ట వ్యావహారికం అంటారు. ఆ పోరాటం వల్లే నేనివాళ ఇట్లా రాయగలుగుతున్నాను, ఆ మేలు మరవను. కానీ శిష్ట అనే మాటలోనే గుట్టుంది. కృష్ణా జిల్లాలో పుట్టినా మా నోళ్లు ఆ కృష్ణా జిల్లాలో లేవు. తెలంగాణ వాళ్లు, ఉత్తరాంధ్ర వాళ్లు, సీమ వాళ్లు తమ యాసని వెక్కిరించారని కోప్పడితే అందరికీ తెలుస్తుంది. డెల్టా నడిబొడ్డున ఉండి ఊరి తెలుగుకి బయటున్న పల్లె తెలుగు గురించి ఎవరు చెప్పుకున్నారు?

మాట నేర్పే విద్య ఈ నేలకి కొత్తది కాదు. నేనిప్పుడు గుడివాడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. మా ఊరికెళ్లే దారి పామర్రు దాటాక కూచిపూడి మీదుగా పోతుంది. అభినయం నాలుగు రకాలనీ, అందులో వాచికం ఒకటనీ భరతుడి లెక్క. గొంతుతో, మాటతో భావం పలికించే ఆ విద్య కూచిపూడిలో తరాల తరబడి కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ల చేతిలోనే ఉంది. ఆడవేషాలు కూడా వాళ్లే కట్టారు. బందరులో ఇంగ్లీషు చదువు 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడితో గట్టిగా మొదలైంది. పైకులాల పిల్లల్ని ఉద్దేశించి పెట్టిన ఆ బడి తొలిరోజుల్లో అంటరాని కులాల పిల్లల్ని చేర్చుకోలేదు. ఇది పాత చరిత్ర. నేను చదివిన కాలేజీతో దీనికి సంబంధం లేదు. చెప్పొచ్చేదేంటంటే, మాకు మాట లేదని తేల్చేముందు మాట నేర్పే గదుల తలుపులు ఎన్నాళ్లు మూసి ఉన్నాయో లెక్కేయాలి.

తలుపులు మూసినా మాట ఆగలేదు. జాషువా సంగతి చూడండి. 1915, 16 ప్రాంతంలో ఆయన రాజమండ్రిలో మూకీ సినిమాలకి వాచకుడిగా పనిచేశాడు. తెర మీద బొమ్మలు పెదాలు కదుపుతుంటే పక్కనుంచి కథా సంభాషణలూ చదవటం ఆ ఉద్యోగం. నోరు లేని బొమ్మలకి మావాడు గొంతిచ్చాడు. హాలు చీకటి గనక గొంతు వెనక కులం కనపడి ఉండదు. అదే కవి వెలుగులో, వినుకొండ సభలో లేచి పద్యాలు చదివితే, వీణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని అవమానించారు. జాషువాకి ఏ కమ్యూనికేషన్ స్కిల్ తక్కువైంది?

1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. ఆ సభకి పూనుకున్న గూడూరు రామచంద్రరావు గుడివాడలో సేవాశ్రమం నడిపిన మనిషి. అధ్యక్షుడు హైదరాబాదు నుంచొచ్చిన భాగ్యరెడ్డి వర్మ. పంచములనే పేరు మాకొద్దు, మేం ఈ నేలకి ఆదివాసులం, ఆదిఆంధ్రులం అని ఆ సభ ప్రకటించింది. ఒక జాతి తన పేరు తాను పెట్టుకుంది. దీన్ని మించిన పబ్లిక్ స్పీకింగ్ ఏముంది? మాకిచ్చిన పుస్తకంలో గొప్ప వక్తల ఉదాహరణలన్నీ పడమటి దేశాలవి. బెజవాడ బందరుకి రెండు గంటల దూరం.

1985 జూలైలో కారంచేడులో తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దని అడ్డుచెప్పిన గొడవలో మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. సాఫ్ట్ స్కిల్స్ పుస్తకం అసర్టివ్‌గా ఉండు అంటుంది. నీ హక్కు నువ్వు చెప్పు, ఎదుటివాడి మొహాన చెప్పు అంటుంది. సువార్త చేసింది అదే. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. అసర్టివ్‌గా ఉన్నాక ఏం జరుగుతుందో ఆ పుస్తకంలో లేదు. అది రాసినవాళ్లకి ఏమీ జరగదు గనక లేదు.

ఈ బాధ మాదొక్కళ్లదే అనుకోకండి. న్యూయార్కులో హార్లెం అనే నల్లవాళ్ల పేట ఉంది. అక్కడి పిల్లలకి భాషే లేదని 1960లలో చదువుకున్న పెద్దలు సిద్ధాంతాలు చేశారు. విలియం లేబొవ్ అనే భాషా శాస్త్రవేత్త 1969లో దానికి జవాబు రాశాడు. లియాన్ అనే ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి పెద్దమనిషి ఎదురుగా కూచోబెట్టి అడిగితే అరా కొరా మాటలు తప్ప బయటికి రాలేదు. అడిగేవాడూ నల్లవాడే, ఆ పేట తెలిసినవాడే. అయినా రాలేదు. రెండోసారి అదే మనిషి ఆలుగడ్డ చిప్సు పొట్లం పట్టుకొచ్చాడు, లియాన్ స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు, తనూ నేల మీద కూచున్నాడు. అప్పుడా పిల్లాడు ఒకళ్ల మాటకి ఒకళ్లు అడ్డమొచ్చేంతగా మాట్లాడాడు. పిల్లాడు వాడే, నోరు అదే. మారింది ఎదురుగా కూచున్న తీరు.

1979లో అమెరికాలోనే ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో పేద నల్లపిల్లల తల్లిదండ్రులు బడి మీద కోర్టుకెళ్లారు. పిల్లల ఇంటి భాషని అర్థం చేసుకోవటం ముందు టీచర్లు నేర్చుకోవాలి, దానికి ఏర్పాటు చేయండని జడ్జి బడిని ఆదేశించాడు. నా మాటల్లో చెప్పాలంటే, జబ్బు పిల్లల నోట్లో లేదు, మాస్టర్ల చెవిలో ఉందని తేల్చాడు. మన దగ్గర అట్లాంటి తీర్పు నా ఎరికలో లేదు. మన దగ్గర మందెప్పుడూ నోటికే.

ఇంత మాట్లాడాను గదా అని, ఈమె ఇంగ్లీషు వద్దంటోంది అని ఎవరన్నా చంకలు గుద్దుకుంటే వాళ్లతో నాకు పేచీ ఉంది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన విద్యామంత్రి మండలి వెంకటకృష్ణారావుగారు మా దివిసీమవారే. తెలుగు మీద ప్రేమ మా సీమకి ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ తమ పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేసి, మా పిల్లల నోట్లో అమ్మభాష కాపాడాలని ఉపన్యాసాలిచ్చేవాళ్లని మేం చాలామందిని చూశాం. అంబేడ్కర్ ఇంగ్లీషులోనే మా కేసు ప్రపంచం ముందు పెట్టాడు. మాకు ఇంగ్లీషు కావాలి. చట్టం చదవటానికి కావాలి, డాక్టరు రాసిన చీటీ అర్థం చేసుకోవటానికి కావాలి, హార్లెం సంగతి తెలియటానికి కావాలి. నాకు లేబొవ్ దొరికింది ఇంగ్లీషు వల్లే. ఆ ట్రైనింగులో కూడా పనికొచ్చినవి ఉన్నాయి. దరఖాస్తు రాయటం, ఫోన్లో పెద్ద ఆఫీసరుతో గొంతు వణక్కుండా మాట్లాడటం అక్కడే నేర్చుకున్నాను. నా గొడవ ఇంగ్లీషుతో కాదు. ఇంగ్లీషు పేరుతో పైకులం నడక, నవ్వు, గొంతు నేర్పి, దానికి స్కిల్ అని పేరు పెట్టటంతో.

ఒక లెక్క చెబుతాను. నేను 2015లో డీఎస్సీ రాశాను. అంతకుముందు మా సీమలోనే, అవనిగడ్డలో కోచింగు తీసుకున్నాను. డీఎస్సీ కోచింగుకి రాష్ట్రమంతా పేరున్న ఊరది. పరీక్ష రాతలో ఉంటుంది. మార్కులు, రోస్టరు, అంతే. ఇంటర్వ్యూ లేదు. నా మొహం చూడకుండా, నా గొంతు వినకుండా నా జవాబులు దిద్దారు. ఉద్యోగం వచ్చింది. అంతకుముందు ప్రైవేటు కంపెనీల ఇంటర్వ్యూలు నాలుగింటికి వెళ్లాను. ఆ నాలుగూ పోయాయి. కమ్యూనికేషన్ చాలదన్నారు రెండుచోట్ల. చాలని కమ్యూనికేషనుతోనే పదేళ్లుగా రోజుకి ఆరు పీరియడ్లు మాట్లాడుతున్నాను. పిల్లలకి అర్థమవుతూనే ఉంది.

ఇప్పుడు ఆ గాలి మా హైస్కూళ్ల దాకా వచ్చింది. 2023లో టోఫెల్ తర్ఫీదు అని ప్రభుత్వ బళ్లలోకి తెచ్చారు. చేపల చెరువుల మీద కాపలా కాసేవాళ్ల పిల్లలకి అమెరికా గొంతులు వినిపించారు. వినటం మంచిదే. ఆ పిల్లల గొంతు ఎవరు వినాలన్నది మాత్రం ఏ టైంటేబుల్లోనూ లేదు.

నా మట్టుకి నేను ఎనిమిదో తరగతిలో వారానికొక పీరియడు వినే పాఠం పెట్టాను. ఒకళ్లు మూడు నిమిషాలు తమకి బాగా తెలిసిన పని గురించి చెప్పాలి. మిగతావాళ్లు ఆ మాటల్ని తిరిగి చెప్పాలి. చెప్పినవాళ్లు "అవును, నేనన్నది ఇదే" అంటేనే విన్నవాళ్లకి మార్కు. మాట్లాడినవాళ్లకి మార్కుల్లేవు. ఊళ్లో కలిగినవాళ్ల పిల్లలు బస్సెక్కి ప్రైవేటు బళ్లకి పోతున్నారు. నా క్లాసులో మిగిలింది మాల, మాదిగ, బీసీ పిల్లలే. ఇంకేం, అందరూ ఒకటే గదా అనుకుంటారు మీరు. మొదటివారం ఒక మాదిగపిల్ల లేచి, చెప్పు కుట్టేటప్పుడు తోలు ఎందుకు తడపాలో వాళ్ల తాత దగ్గర విన్నది చెప్పింది. తిరిగి చెప్పమంటే ముందు బెంచీలో ఆరుగురు లేచి ఇద్దరే చెప్పగలిగారు. మిగతా నలుగురూ ఆ పిల్ల గొంతు విన్నారు గానీ మాట వినలేదు. అందులో మా మాలపిల్లలూ ఉన్నారు.

ఇది కూడా చెప్పుకోవాల్సిన సంగతే. 1994లో మాదిగ దండోరా మొదలైంది. దండోరా అంటేనే డప్పు కొట్టి చాటటం. అంత గట్టిగా చాటినా మా మాలపల్లెల్లో చాలామంది చెవులు మూసుకున్నారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చేయొచ్చని చెప్పేదాకా ముప్పై ఏళ్లు ఆ డప్పు మోగుతూనే ఉంది. చెవి మూసుకునే జబ్బు పైనుంచి మెట్టు మెట్టూ దిగుతుంది. మమ్మల్ని విననివాళ్ల మీద నేను చేసిన ఆరోపణలన్నీ మా మీద మాదిగ చెల్లెళ్లు చేస్తే, వాటికి మా దగ్గర ట్రైనరుగారి జవాబు కంటే మంచి జవాబు ఉండాలి. ఎగ్రెసివ్ అనీ, పర్సనల్ అనీ తోసేయటం జవాబు కాదు.

వినే పాఠం నాలుగో వారానికి ఆ పిల్ల మాటని క్లాసులో చాలామంది తిరిగి చెప్పగలిగారు. ఆ పిల్ల గొంతు పెరగలేదు, ఇంగ్లీషు రాలేదు, కళ్లలోకి చూడటం కూడా ఇంకా అలవాటవలేదు. అయినా ఆమె చెప్పింది క్లాసుకి అందింది. ఎందుకంటే ఈసారి మార్కులు పోయేది వినేవాళ్లకి.

సిలబస్ రాసేవాళ్లకి నా విన్నపం పెద్దదేం కాదు. ఉన్న పాఠాలు ఉంచండి. అడ్డంకుల పాఠంలో కులం అని ఒక మాట చేర్చండి. పబ్లిక్ స్పీకింగులో 1917 బెజవాడ సభ పెట్టండి. ఏడు, ముప్పై ఎనిమిది, యాభై ఐదు కొట్టేయండి. మార్కుల కాగితంలో వినటానికి ఒక గడి గీయండి. పల్లె నుంచొచ్చిన పిల్ల మాట్లాడుతున్నప్పుడు మిగతా ఏడుగురూ ఏం చేశారో ఆ గడిలో రాయండి. ట్రైనరు ఏం చేశారో కూడా రాయండి. మాకు మాట్లాడటం వచ్చు. ఆ గడిలో ఎవరెవరికి ఎన్ని మార్కులొస్తాయో చూద్దాం.